వైవాలో చెప్పిన జవాబుకు సాక్ష్యం ఏది?

మెడికల్ కాలేజీలో అనాటమీ వైవా. బల్లకు అవతల ఇద్దరు, ఇవతల తెల్ల ఆప్రాన్‌లో ఒక్కరు. ఎగ్జామినర్ ఒక స్కాపులా (భుజం వెనక ఉండే పలక ఎముక) ముందుకు జరుపుతారు. దాన్ని శరీరంలో ఎలా ఉంటుందో అలా పట్టుకొని, కుడిదో ఎడమదో చెప్పాలి. రాత్రి హాస్టల్లో తడుముకోకుండా చెప్పిన అమ్మాయే ఇప్పుడు దాన్ని తలకిందులుగా పట్టుకుంటుంది. "ఎవరమ్మా నీకు చెప్పింది?" అని ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ విసుక్కుంటారు. ఆ తర్వాత తెలిసిన ప్రశ్న అడిగినా గొంతు పెగలదు.

రాతపరీక్షలో అనుమానం వస్తే రీకౌంటింగ్‌కు పెట్టుకోవచ్చు, జవాబుపత్రం ఉంటుంది. వైవాలో మిగిలేది ఒక అంకె. ఏం అడిగారో, ఎంతసేపు విన్నారో, ఏ మాటకు మార్కులు తగ్గాయో తర్వాత ఎవరూ చూపించలేరు. ఎగ్జామినర్ పెత్తనమంతా అక్కడే ఉంది. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లల కష్టం ఇంకాస్త ఎక్కువ: విషయం తెలుగులో తడుతుంది, ఇంగ్లిష్‌లో కూడబలుక్కునేలోపు "నెక్స్ట్" అనేస్తారు.

అడ్మిషన్ల ఇంటర్వ్యూలలోనూ ఇదే బాధ ఉండేది. శ్రీనగర్ రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీలో రాతపరీక్షకు 100, ఇంటర్వ్యూకు 50 మార్కులు ఉండేవి. ఒక్కొక్కరిని రెండు మూడు నిమిషాలు కూర్చోబెట్టి, తల్లిదండ్రులెవరు, ఊరేది అని అడిగి పంపేశారంటూ సీటు రాని విద్యార్థులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. అదే అజయ్ హాసియా కేసు. ఇంటర్వ్యూ మార్కులు 15 శాతం దాటకూడదని, జరిగినదాన్ని టేప్‌రికార్డు చేయడం మంచిదని 1980లో జస్టిస్ పి.ఎన్.భగవతి తీర్పు రాశారు. అప్పటికే ఏడాదిన్నర గడిచిపోవడంతో ఆ అడ్మిషన్లను మాత్రం రద్దు చేయలేదు. పోరాడినవాళ్లు గెలిచారు, చేరినవాళ్లు చదువుకున్నారు.

వైద్యవిద్యలో ఎగ్జామినర్ ఇష్టాయిష్టాలకు తావు తగ్గించే దారి ఒకటి అప్పటికే ఉంది. స్కాట్లండ్‌లోని డండీలో రొనాల్డ్ హార్డెన్, సహచరులు 1975లో ఆస్కీ (OSCE) అనే క్లినికల్ పరీక్షను ముందుకు తెచ్చారు. అందరికీ అవే పనులు, అంతే సమయం, ముందే రాసిపెట్టుకున్న చెక్‌లిస్టు ప్రకారం మార్కులు.

అలాగని వైవాను ఎత్తేయడం తప్పు. సగం జవాబు దగ్గర ఆగిపోయిన విద్యార్థికి మంచి మాస్టారు చిన్న ఆధారం అందించి, మిగతా సగం ఆ నోటితోనే చెప్పిస్తారు. కంఠతా పట్టింది ఏదో, అర్థమైంది ఏదో అలా అడిగితేనే బయటపడుతుంది. ఏ చెక్‌లిస్టూ ఆ పని చేయదు.

అందుకే వైవాను ఉంచి, దానికి సాక్ష్యం కలపాలి. ప్రశ్నప్రశ్నకూ అక్కడికక్కడే మార్కు రాయాలి, మొత్తం సంభాషణను రికార్డు చేయాలి, అడిగిన విద్యార్థికి వినిపించాలి. 1980లో టేప్‌రికార్డర్ కొనాల్సి వచ్చేది. ఇప్పుడు ప్రతి ఎగ్జామినర్ జేబులోనూ ఫోనుంది. యూనివర్సిటీలు వచ్చే ప్రాక్టికల్స్ నుంచే ఈ పని మొదలుపెట్టాలి.