ఆటలో దొరికిన పేరు

1995లో మొదలైన ఈటీవీలో సుమ నిర్వహించిన ఆటల కార్యక్రమం ‘స్టార్ మహిళ’ 3000కు పైగా భాగాలు నడిచింది. దాన్ని వట్టి సరుకుల సంస్కృతి అని కొట్టిపారేసే విమర్శతో నాకు పేచీ ఉంది. కానుకల ఆశ ఒక్కటే జనాన్ని అన్నేళ్లు కూర్చోబెట్టలేదు. మా ఇబ్రహీంపట్నంలో ఫలానావారి భార్యగా, ఫలానావాడి తల్లిగా చలామణి అయ్యే స్త్రీ, అటువంటి మరో స్త్రీ ఆ వేదికపై తన పేరు తాను చెప్పుకోవడం చూసింది. పదిమంది ఎదుట పరుగెత్తడం, ఓడినా నవ్వడం చూసింది. ఆకర్షణకు మూలం అక్కడుంది.

అయితే ఆ గుర్తింపు ఆట ముగిసేదాకే. ఇంటిచాకిరీకి విలువేదన్న ప్రశ్న ఆ వేదికమీద పుట్టదు; కానుక దాని నోరు మూస్తుంది. పేరు చెప్పుకున్నాక ఆమె ఇంకేం చెప్పాలనుకుందో రాయవలసినవాళ్లం మనమే.