ఆముక్తమాల్యదలోని నిద్రించు బాతువులు

విల్లిపుత్తూరి కాలువలలో నిద్రించు బాతువులను, స్నాతులైన విప్రులు మఱచిన తడిబట్టల ముద్దలని తలారులు భ్రమించి రేవు దిగఁగా నవి పాఱిపోయెననియు, శాలిగోపికలు నవ్విరనియుఁ గృష్ణదేవరాయలు వర్ణించెను. దీనిని భ్రాంతిమదలంకారమని చెప్పి ముగించు బోధకుఁడు పద్యము ప్రాణమును విడుచుచున్నాఁడు.

శీతకాలమునఁ బులికాటు సరస్సు తీరమునఁ బగలు నిలిచి చూచినచో విషయము తేటపడును. ఉత్తరదేశములనుండి వచ్చు సూదితోక బాతులు పెక్కులు రాత్రి మేసి పగలు విశ్రమించును. మెడను వెనుకకుఁ ద్రిప్పి ముక్కును వీపు ఈఁకలలో దూర్చును. ఒడలి వేఁడిమి పోకుండుట కిది యుపాయము. తలయు మెడయుఁ గానరానిచోఁ బక్షి యను గుఱుతు పోయి ముద్ద మాత్రమే మిగులును. కావునఁ దలను ఱెక్కలలోఁ గ్రుక్కుట యనునది పాదపూరణము గాదు. అది లేనిచోఁ దలారుల భ్రాంతియే పొసఁగదు. ఇచట స్వభావోక్తియే భ్రాంతిమంతమునకు ఆధారము. పొలము గాచుచు నిత్యము బాతువులఁ జూచు పడుచులకు మాత్ర మా భ్రమ లేదు. వారి నవ్వునకుఁ గారణ మదియే.