మెట్లప్రక్క చేయూత

మెట్ల రెయిలింగు మార్పవలెనని తలచినంతనే మనవారి దృష్టి తళతళలాడు స్టీలు గొట్టములమీదికిని, అద్దపు పలకలమీదికిని పోవునే కాని, పాతది ఏల పాడయ్యెనో విచారించువారు అరుదు. కాకినాడలోని మా యింట నాన్నగారు పెట్టించిన ఇనుప ఊచల రెయిలింగును ఈ యేడు విప్పించునప్పుడు, ఊచలు నడుమ దృఢముగనే యుండి, మెట్టులో దిగిన రెండంగుళముల మేర మాత్రము పొరలుపొరలుగా లేచి, చేతితో నులిమినంతనే పొడియగుట చూచితిని. మెట్లు కడిగిన నీరు దినదినమును ఊచ మొదట నిలుచును. దానికి సముద్రపుగాలిలోని ఉప్పు తోడగును. త్రుప్పుగా మారిన ఇనుము తొల్లింటికంటె రెండు మొదలు ఆరు రెట్లవఱకు ఉబ్బి, చుట్టునున్న కాంక్రీటును పగులగొట్టి, ఆ పగులుగుండ మఱింత నీటికి త్రోవ యిచ్చును.

క్రొత్తదానికై వచ్చిన వెల్డింగు మేస్త్రీ గొట్టమునకు అయస్కాంతము నానించి, "చూడండి సార్, అంటుకోలేదు, మంచి సరుకే" అనెను. అతడు కల్లలాడలేదు గాని, ఆ పరీక్ష చాలదు. స్టీలులో 304 రకమును, చవుకయైన 202 రకమును సాధారణముగా అయస్కాంతమున కంటుకొననివే. మొదటిదానిలో నూటికి 18 పాళ్లు క్రోమియమును, 8 పాళ్లు నికెలును ఉండగా, రెండవదానిలో నికెలు తగ్గించి మాంగనీసు హెచ్చింతురు; దానితో వెలయు తగ్గును, ఉప్పుగాలికి ఓర్చు గుణమును తగ్గును. పరీక్షద్రవపు చుక్క వేసి చిన్న బ్యాటరీ తగిలించినచో 202 పై ఎఱుపు తేలునని అతడే పిమ్మట చేసి చూపెను. కెరటముల తుంపర సోకునంత చేరువలో ఇల్లున్నవారు మాలిబ్డినము చేరిన 316 రకమును కోరుట మేలు.

అయినను ఉక్కు ఎంత మేలిదైనను, కాలు జాఱిన మనిషి బరువంతయు ఒక్క పెట్టున పడునది స్తంభపు పాదముమీదనే కదా. యాంకరు బోల్టులు పైనున్న గ్రానైటు పలకతో ఆగక క్రింది కాంక్రీటులోనికి దిగవలెను. మెట్టు అంచునకు మరీ చేరువగా తొలిచినచో రాయి పెచ్చులూడును. అడుగుపలకకు స్తంభమును రెండు చుక్కల వెల్డింగుతో నిలిపి, పైన మెఱుగుగిన్నెను బోర్లించినచో లోపలి పని ఎవరికిని కనబడదు. కావున ఆ గిన్నెలను దింపకముందే ప్రతి పాదముచెంతను కూర్చుండి, అతుకు చుట్టును పూర్తిగా తిరిగినదో లేదో చూచి, స్తంభమును పట్టి బలముగా ఊపి చూడవలెనని నేను గట్టిగా చెప్పుదును.

పాత రెయిలింగుపై చేతికి ఆధారముగా నున్న టేకు పట్టెను మాత్రము పాఱవేయనీయలేదు. వడ్రంగి దానిని చిత్రికపట్టి, ఉప్పుకాగితముతో రుద్ది, స్తంభములపై పఱచిన స్టీలు పట్టీకి క్రిందినుండి మరలు బిగించెను. పిడికిలికి నిండుగా అమరి, వేసవియెండలో సైతము చుఱుక్కుమనని ఆ కొయ్యకు సాటి గొట్టము నాకు కనబడలేదు. ఎత్తు మూడడుగులకు తగ్గకుండ, పసిపిల్లల తల దూఱకుండునట్లు ఊచల యెడము నాలుగంగుళములకు మించకుండ చూచితిమి. పట్టె కడపటి మెట్టుతోనే ఆగిపోక ఇంకొక అడుగు ముందునకు సాగవలెనని నేను కోరగా మేస్త్రీ మొదట ఒప్పుకొనలేదు. చూపు మందగించిన వృద్ధులకు కాలు నేలను తాకువఱకు చేతికి ఆధార ముండవలెనని చెప్పిన పిమ్మట, పాత పట్టెలో మిగిలిన ముక్కనే వడ్రంగిచే అతికించి, దాని కొనను గోడవైపునకు మళ్లించెను.