మూడు మూలములు, ఒక్క బ్యాటరీ

హైదరాబాదు నుండి పడమటికి పోవు దారిలో మొదట మొయినాబాదు, తరువాత చేవెళ్ల వచ్చును. ఈ ప్రాంతమున కూరగాయలు, పూలు పండించువారు పెక్కుమంది కలరు. గాలివానకు కరెంటు పోయిన రాత్రి తోటలోని కొట్టమున దీపము వెలుగవలెనన్న బ్యాటరీయే దిక్కు. ఎండ నుండి, కరెంటు లైను నుండి, గాలిమర నుండి కూడ ఒకే బ్యాటరీకి చార్జి ఎక్కించు పెట్టెను స్వయముగా చేయవలెనను కోరిక ఇట్టిచోట పుట్టుట సహజము. విజ్ఞాన ప్రదర్శనకు తగిన నమూనా కూడ ఇదియే. అయితే దీనికి సాధారణముగా గీయు పటములో గుణముతో పాటు దోషములును కలవు. వానిని ఉపాధ్యాయులు ముందుగా ఎరిగియుండుట మేలు.

మొదట గుణము. ఈ పటములో ఒక్కొక్క మూలమునకు ఒక్కొక్క డయోడు అమర్చి, అన్నిటిని ఒకే తీగకు కలిపి, ఆ తీగను బ్యాటరీకి చేర్చుదురు. డయోడు కరెంటును ఒక దిక్కుగానే పోనిచ్చును. కావున రాత్రివేళ బ్యాటరీలోని కరెంటు సోలార్ పలకలోనికి వెనుదిరగదు. ఒక మూలము మరొకదానిలోనికి ప్రవహింపదు. సిలికాన్ డయోడు వలన సుమారు 0.7 వోల్టు నష్టమగును. షాట్‌కీ డయోడు వాడినచో ఈ నష్టము దాదాపు సగమగును. ఇంతవరకు పటము మంచిదే.

దోషము ఇక్కడనే మొదలగును. డయోడు కరెంటుకు దిక్కు చూపునే గాని కొలత చూపదు. బావి మోటారు గొట్టములోని వాల్వు నీటిని వెనుకకు పోనీయదు. అయినను తొట్టి నిండినదని దానికి తెలియదు. 36 ఘటములు గల సోలార్ పలక నడియెండలో, ఏమియు తగిలింపనప్పుడు, సుమారు 21 వోల్టులు చూపును. 12 వోల్టుల సీసపు బ్యాటరీ 14.4 వోల్టులు దాటిన పిదప అందులోని నీరు హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా విడిపోవుట హెచ్చును. గాలిలో హైడ్రోజన్ నూటికి 4 పాళ్లు చేరినచో నిప్పురవ్వకు ప్రేలగలదు. రిలే తెరచుకొనునప్పుడు రవ్వ పుట్టును. రిలేను, బ్యాటరీని ఒకే మూసిన పెట్టెలో ఉంచుట ఎంత అపాయమో దీనినిబట్టి ఊహించవచ్చును.

రెండవ దోషము లెక్కలోనిది. వోల్టేజి హెచ్చుగా నున్న మూలమొక్కటే పనిచేయును, తక్కినవి ఊరకుండునని పలువురు చెప్పుదురు. బ్యాటరీ విషయమున ఇది సరికాదు. తీగ మీది వోల్టేజిని బ్యాటరీయే 12, 13 వోల్టుల వద్ద పట్టియుంచును. అంతకు మించిన ప్రతి మూలమును కరెంటు నిచ్చును. 100 వాట్ల పలక 5.5 ఆంపియర్లు, లైను చార్జరు 5, గాలిమర 2 ఇచ్చినచో మొత్తము 12.5 ఆంపియర్లు. 40 ఆంపియర్-గంటల సీసపు బ్యాటరీకి వాడుకలో నున్న నియమము అందులో పదవ వంతు, అనగా 4 ఆంపియర్లు మాత్రమే.  మొత్తమును చూచువారు లేకపోవుటయే లోపము.

మూడవది, మూలముల స్వభావము ఒకటి కాదు. పలక తీగను విప్పినను పలకకు హాని లేదు. గాలిమర తీగను విప్పినచో బరువు తగ్గి, గాలి హెచ్చినప్పుడు రెక్కలు మితిమీరిన వేగముతో తిరుగును. పెద్ద గాలిమరలు తమ రెక్కలను తామే మలచుకొనగలవు. చిన్న నమూనాకు ఆ ఏర్పాటు ఉండదు. కావున దాని కరెంటును ఆపక, వేడెక్కు తీగచుట్ట వంటి వేరొక పనికి మళ్లింపవలెను.

నాలుగవది, ఎండకాలము. 14.4 వోల్టుల హద్దు 25 డిగ్రీలకు చెప్పినది. ఆరు ఘటముల బ్యాటరీకి డిగ్రీకి సుమారు 24 మిల్లీవోల్టులు తగ్గించవలెను. 40 డిగ్రీల వేసవిలో ఆ హద్దు సుమారు 14.0 వోల్టులకు దిగును. ఇక లిథియం బ్యాటరీకి సీసపు బ్యాటరీ పెట్టె పనికిరాదు. దాని ఘటములను వేర్వేరుగా కాపాడు ఏర్పాటు వేరుగా ఉండవలెను.

ఈ దోషములన్నిటికి మూలమొక్కటే: పటమును మూలముల వైపు నుండి గీసిరి, బ్యాటరీ వైపు నుండి గీయలేదు. వోల్టేజి, మొత్తము కరెంటు, వేడిమి, ఈ మూడింటిని బ్యాటరీ కొనల వద్దనే కొలిచి, ఆ కొలతనుబట్టి మూలములను నడపవలెను. మైక్రోకంట్రోలర్ 5 వోల్టులకు మించి ఓర్వదు గనుక 30 కిలో ఓముల, 10 కిలో ఓముల నిరోధములతో వోల్టేజిని నాలుగవ వంతు చేసినచో 14.4 వోల్టులు 3.6 వోల్టులగును. 14.4 వద్ద ఆపి, 13.2కు దిగిన పిదపనే మరల కలుపవలెను. లేనిచో రిలే నిలకడ లేక కొట్టుకొనును. ధన కొనకు దగ్గరగా ఫ్యూజు తప్పనిసరి. 230 వోల్టుల లైనును విద్యార్థులు తాకరాదు. దానికి కంపెనీ చేసిన అడాప్టరే వాడవలెను.

ప్రదర్శనలో ఇట్టి పెట్టెను చూచువారు "ఎన్ని మూలములు?" అని అడుగుట వాడుక. "బ్యాటరీ నిండినప్పుడు ఏమి చేయును?" అని అడుగుట మేలు. నిండిన బ్యాటరీని తగిలించి, మంచి ఎండలో ఒక గంట వోల్ట్‌మీటరు ముల్లును గమనించినచో జవాబు దొరకును. ముల్లు హద్దు దాటక నిలిచినదా, ఆ పెట్టె తోటలోని కొట్టమునకు పోదగినది. దాటినదా, దానికి మరొక మూలమును చేర్చుటకు ముందు చేయవలసిన పని ఇంకను మిగిలియున్నది.