కాళహస్తి కలంకారీయందు క్రీస్తురూపము

శ్రీకాళహస్తి కలంకారీలో వర్ణము కేవలాలంకారము గాదు, పాత్రస్వభావసూచకము. విష్ణ్వవతారములకు నీలము, స్త్రీలకు పసుపు, రాక్షసులకు ఎఱుపు ప్రాయికముగ సంప్రదాయసిద్ధములు. ఈ చిత్రకారులు క్రీస్తుచరితమును గూడ వ్రాసిరి. చిక్కు అచ్చటనే. కలంకారీ సొగసు అంచులయందును ఆభరణములయందును నిండియుండగా, సిలువపై వస్త్రము లొలువబడిన దేహమునకు అలంకార మేది? యెషయా గ్రంథము 53వ అధ్యాయము దైవసేవకునకు రూపలావణ్యములే లేవనుచున్నది. పేతురు మొదటి పత్రికయు బాహ్యాలంకారమును వలదనుచున్నది. దానిని స్త్రీల నగలకే పరిమితము చేసి చదువుట మనవారి వాడుక!

కిరీటహారములు తొడిగినచో క్రీస్తు మఱియొక పురాణపురుషు డగును గాని, సిలువ కనుమఱుగగును. బెల్లమును ఇనుమును ఊరవేసి తీసిన నల్లనినీటి రేఖకే యిచ్చట ప్రాధాన్య ముండవలెను. కన్ను పెఱికి యిచ్చిన కన్నప్ప కథ యెఱిగిన యూరిలో నెత్తురోడు దేహము అసుందరమని యెవరనగలరు? పటికనీరు తాకినచోటనే మంజిష్ఠ ఎఱుపెక్కును. రాక్షసదేహమును నింపు నా యెఱుపే క్రీస్తుపటమున నరచేతి గాయముకడ చిన్న చుక్కగా నిలిచిన జాలును.