సొంత పందిట్లో లైవ్

నాలుగేళ్ల కిందట శ్రీరామనవమికి మా ఊరి గుడి పందిట్లో హరికథ పెట్టించాం. అమెరికాలో ఉన్న మావాళ్లు కూడా చూస్తారని ఫోన్‌ని స్టాండుకి బిగించి, అందరూ వాడే ఉచిత వేదిక మీద లైవ్ ఇచ్చాం. హరిదాసుగారు సీతా స్వయంవరం ఎత్తుకుని పది నిమిషాలు కాలేదు, ప్రసారం ఆగిపోయింది. కథకి ముందు మైకులో వేసిన పాట హక్కులు ఇంకెవరివో అట. అప్పీలు పెట్టుకోమన్నారు. జవాబు వచ్చేనాటికి పందిరి విప్పేశారు. అమెరికాలో అర్ధరాత్రి దాకా మేలుకుని కూర్చున్న మా పెద్దమ్మ విల్లు విరిచే ఘట్టం చూడనే లేదు.

అప్పుడే నేను సొంత సర్వర్ సంగతి నేర్చుకోవడం మొదలుపెట్టాను. నిజానికి ఇది ఇంటర్నెట్‌లో పాత ఆచారమే. ఒకప్పుడు ఏ విశ్వవిద్యాలయం ఈమెయిలు ఆ విశ్వవిద్యాలయమే నడుపుకునేది. ఆ ఆచారం వీడియోకి అందిరావడానికే ఇన్నేళ్లు పట్టింది. 2020లో గేబ్ కంగాస్ అనే ప్రోగ్రామర్ ‘ఓన్‌కాస్ట్’ విడుదల చేశాడు. గో భాషలో రాసిన ఈ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో వీడియో పేజీ, పక్కన చాట్, నడిపేవాళ్లకి అడ్మిన్ గది అన్నీ కలిసే ఉంటాయి. ఎంఐటీ లైసెన్సు కాబట్టి ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు.

పని జరిగే తీరు చెబుతాను. కెమెరా బొమ్మని ఓబీఎస్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్ అందుకుని ఆర్‌టీఎంపీ పద్ధతిలో సర్వర్‌కి పంపుతుంది. ఇది మాక్రోమీడియా వాళ్లు ఫ్లాష్ కోసం తయారుచేసిన పద్ధతి. ఫ్లాష్‌ని 2020 చివర్లో ఆపేశారు గానీ, పంపడానికి ఈ పద్ధతే ఇంకా ఎక్కువమంది వాడుతున్నారు. సర్వర్‌లో అసలు చాకిరీ ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌ది. ఫాబ్రిస్ బెలార్ 2000లో మొదలుపెట్టిన ఈ పనిముట్టు వచ్చిన వీడియోని కొన్ని సెకన్ల ముక్కలుగా కోస్తుంది, నెట్ నెమ్మదిగా ఉన్నవాళ్ల కోసం చిన్న సైజులు కూడా తయారుచేస్తుంది. ముక్కల జాబితా ఒక ఫైల్లో ఉంటుంది. చూసేవాళ్ల బ్రౌజర్ ఆ జాబితా చదువుతూ ముక్క తర్వాత ముక్క తెచ్చుకుంటుంది. 2009లో ఆపిల్ తెచ్చిన ఈ పద్ధతి పేరు హెచ్‌ఎల్‌ఎస్.

లైవ్ ఎందుకు వెనకబడుతుందో ఇక్కడే తెలుస్తుంది. ప్లేయర్ చివరి ముక్క నుంచి మొదలుపెట్టకూడదు, కనీసం మూడు ముక్కల వెనక నుంచి మొదలుపెట్టాలని హెచ్‌ఎల్‌ఎస్ నియమం. ముక్క ఆరు సెకన్లయితే అక్కడే పద్దెనిమిది సెకన్లు పోయాయి. ముక్క చిన్నది చేస్తే ఆలస్యం తగ్గుతుంది, కానీ నెట్ కాస్త తడబడినా బొమ్మ ఆగిపోతుంది. హరికథకి ఇరవై సెకన్ల ఆలస్యం ఎవరికీ పట్టదు. అందుకే నేను నిలకడ వైపే మొగ్గుతాను. ఇంకో మాట: ప్రతి ముక్కా కీఫ్రేమ్‌తోనే, అంటే పూర్తి బొమ్మతోనే, మొదలు కావాలి కనుక ఓబీఎస్‌లో కీఫ్రేమ్ వ్యవధి రెండు సెకన్లని మీరే పెట్టండి.

ఇక వీటన్నిటినీ సర్వర్‌లోకి ఎక్కించే కంటైనర్. పెళ్లికి వచ్చే వంటమేస్త్రి గుండిగలు, గరిటెలు, జల్లిగంటెలు తనవే తెచ్చుకుంటాడు. ఇంటివాళ్లు ఇవ్వాల్సింది నీళ్లు, గాడిపొయ్యి. మన వంటింట్లో ఏ గిన్నె ఉందో లేదో అతనికి అక్కర్లేదు. కంటైనర్ కూడా అంతే. ప్రోగ్రామ్, దానికి కావలసిన ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్, లైబ్రరీలు అన్నీ ఒకే మూటలో వస్తాయి. గాడిపొయ్యి లాంటి లినక్స్ కెర్నల్ ఒక్కటే మనది. 2013లో సాలమన్ హైక్స్ డాకర్‌ని బయటపెట్టాక ఈ మూటలు కట్టడం, విప్పడం ఒక్క ఆదేశ వాక్యం పని అయింది. డాకర్ వాడకముందు ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ వెర్షన్ కుదరక నేను రెండు రాత్రులు పోగొట్టుకున్నాను. డాకర్‌తో పది నిమిషాల్లో పేజీ తెరుచుకుంది.

ఆ డాకర్ ఆదేశ వాక్యంలో మూడు సంగతులు చెప్పాలి. వీడియో లోపలికి వచ్చే 1935 పోర్టు, జనం చూసే 8080 పోర్టు, సెట్టింగులు దాచుకునే డేటా ఫోల్డరు. ఫోల్డరుని బయటి డిస్కుకి కలపడం మరిచిపోతే, కొత్త వెర్షన్ కోసం పాత కంటైనర్ తీసేసిన రోజున సెట్టింగులు, చాట్ అన్నీ దానితోపాటే పోతాయి. నాకు ఒకసారి పోయాయి.

ఫైర్‌వాల్ గురించి గట్టిగా చెప్పాలి. ఉబుంటులో యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ పెట్టాం కదా అని ధీమాగా ఉండొద్దు. డాకర్ తెరిచిన పోర్టులు దాన్ని దాటుకుని బయటికి కనిపిస్తాయి. ఓన్‌కాస్ట్ మొదట ఇచ్చే స్ట్రీమ్ కీ, అంటే ప్రసారానికి తాళంచెవి, ఏబీసీ123 అని లోకమంతటికీ తెలుసు. అది మార్చకుండా ప్రసారం మొదలుపెడితే మీ పందిట్లో ఎవరైనా మైకు లాక్కోవచ్చు. ఓన్‌కాస్ట్ ముందు క్యాడీ లాంటి వెబ్ సర్వర్‌ని నిలబెడితే, లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచితంగా ఇచ్చే సర్టిఫికెట్‌ని అదే తెచ్చుకుంటుంది.

ఖర్చు దాచను. 720పీ బొమ్మకి సెకనుకి 2.5 మెగాబిట్లు అనుకుంటే ఒక్క మనిషి గంటసేపు చూస్తే సుమారు 1.1 జీబీ. నూరుమంది మూడు గంటలు చూస్తే 340 జీబీ దగ్గరికి వస్తుంది, ఆ సేపూ సర్వర్ సెకనుకి 250 మెగాబిట్లు బయటికి పంపుతూ ఉండాలి. మామూలు ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌తో ఇది కాదు. చాలా కనెక్షన్లకి సొంత పబ్లిక్ ఐపీ కూడా ఉండదు. అందుకే నెలకి అద్దెకిచ్చే సర్వర్, అంటే వీపీఎస్ తీసుకోవాలి, తీసుకునే ముందు నెలకి ఎన్ని జీబీలు పంపనిస్తారో అడగాలి. వీడియో సైజులు మూడు నాలుగు పెడితే ప్రాసెసర్ చాలదు. మేం రెండే పెట్టుకున్నాం.

లక్షమంది చూసే సభకి ఇది తగదు, పెద్ద వేదికలకే పోవాలి. కానీ గుడి, గ్రంథాలయం, నాటక సమాజం, పెళ్లి వంటి చోట్ల చూసేది నూరు, నూటయాభై మంది. వాళ్ల మధ్యలోకి ప్రకటనలు రావు. పక్కన ఇంకేదో వీడియో పిలవదు. మన పద్యాన్నో నాదస్వరాన్నో ఒక యంత్రం పొరపాటున ఎవరి పాటో అనుకుని సగంలో ఆపదు. అంతమాత్రాన ఇతరుల పాటల హక్కులు మనకి రావు, అది మన బాధ్యతే. నా మటుకు ఈ చాకిరీకి దక్కే ఫలితం చాలా పెద్దది.

మీరూ పెట్టదలిస్తే పండుగకి వారం ముందే ఒక గంట ఉత్తుత్తి ప్రసారం నడపండి. పదిమందిని మొబైల్ డేటా మీద చూడమనండి, వాళ్లలో ఒకరు పరాయి దేశంలో ఉండాలి. మా పెద్దమ్మ ఇప్పుడు మాకు ఆ పదిమందిలో ఒకరు.