జాలవలయములు - వాని కూర్పు, పాలనము

ముక్తపదగ్రస్తము నెఱుగని తెలుగు విద్యార్థి యుండడు. ఒక పాదము ఏ పదముతో ముగియునో ఆ పదమునే చేపట్టి తరువాతి పాదము మొదలగును. ముగింపే ప్రారంభమగుచు చదువరిని ముందునకు గొనిపోవును. అంతర్జాలమున 1994 ప్రాంతమున పుట్టి, తరువాతి ఐదాఱేండ్లలో మిక్కిలి వ్యాపించి, పిదప క్షీణించి, ఇటీవలి సంవత్సరములలో చిన్న చిన్న సమూహములయందు మఱల తల యెత్తుచున్న కూర్పొకటి ఇట్టిదే కలదు. దానిని వెబ్‌రింగు అందురు. మేము జాలవలయమని వ్యవహరింతుము. ఒకే అభిరుచి గల వెబ్‌సైట్లు కొన్ని కలిసి, ఒక్కొక్కటి తన పుట అడుగున 'తరువాతిది', 'వెనుకటిది' అను రెండు బాణపు గుర్తుల నుంచుకొని, చివరి సైటునుండి మొదటి సైటునకు దారి కలిపినచో అది వలయమగును. దీనిని యంత్రజ్ఞుల విషయముగా విడిచిపెట్టుట మన శాఖలలో అలవాటైనది. కాని రచనలను ఏరుట, వరుసపఱచుట, చెడకుండ కాపాడుట అను మూడు పనులును ఇందు కలవు. ఇవి సంకలనకర్తయు గ్రంథపరిష్కర్తయు నిత్యము చేయు పనులే. కావున సాహిత్యవిమర్శకుడు దీనిని పరాయిదిగా చూడ నక్కఱలేదు.

ఈ కూర్పు తగ్గిపోవుటకు వెదకుయంత్రములే కారణమని సామాన్యముగా చెప్పుదురు. 1998లో గూగుల్ సంస్థ ఏర్పడినది. కోరిన మాట వ్రాసినంతనే కోరిన పుట యెదుట నిలుచునపుడు పుటనుండి పుటకు నడచు ఓపిక ఎవరికుండునని వారి వాదము. ఇది కొంతవఱకు నిజమే. అయినను వెదకుట వేఱు, చదువుట వేఱు. వెదకవలసినది ఏదో ఎఱిగినవానికే యంత్రము తోడ్పడును. ఉన్నదనియే తెలియని దానిని ఎవ్వడును వెదకడు. నిఘంటువు వచ్చినదని కావ్యపఠనము మానినవారు లేరు గదా! వలయము క్షీణించుటకు మూలము దాని పాలనములోనే కలదని మాకు తోచుచున్నది. సభ్యులను పరీక్షించి చేర్చుకొనువాని చేతినుండి సభ్యుల పట్టిక జాఱిపోయిన నాడే దానికి క్షయము ప్రారంభమైనది. ఈ మాటకు ఆధారము దాని చరిత్రలోనే కలదు.

తొలి ప్రయత్నము లండను ఇంపీరియల్ కళాశాలకు చెందిన డెనిస్ హౌ 1994లో చేసినది. దాని పేరు 'యూరోపా'. వినుటకు ఖండనామము వలె నున్నను, అక్షరములను విప్పినచో ఒకే దిశలో సాగుచు పెరుగుచుండు పుటల వలయమని అర్థము వచ్చును. పుటనుండి పుటకు నేరుగా లంకె వేయుటయే ఇందలి పద్ధతి. 1995లో అమెరికాలోని ఆరెగాను రాష్ట్రమున సేజ్ వైల్ అను, ఇంకను ఇరువదియేండ్లు నిండని యువకుడు దీనిని వేఱొక త్రోవను నడపెను. అతని 'వెబ్‌రింగు' వ్యవస్థలో సభ్యుని పుటలోని బాణము పొరుగుపుటను చూపదు. అది కేంద్రయంత్రమును చేరి, 'నేను ఫలానా వలయములో ఫలానా సంఖ్యగల సభ్యుడను, నా తరువాతివా రెవరు?' అని యడుగును. యంత్రము పట్టిక చూచి చదువరిని అచటికి పంపును. ఎవరైన తొలగినచో పట్టికలో ఒక్క వరుస మార్చిన చాలును. మిగిలినవారెవ్వరును తమ పుటలను ముట్టుకొన నక్కఱలేదు. పట్టికను చూచుకొనువానిని వలయపాలకు డందము. కొత్తగా చేర గోరువారి అభ్యర్థనలు అతని యొద్ద నిలుచును. అతడు వారి పుటను చూచి, అందు వలయపు గుర్తు సరిగా నతికించిరో లేదో పరీక్షించి, లోనికి రానిచ్చును.

ఇందలి సౌకర్యము స్పష్టము. ఇందలి అపాయము అంత స్పష్టము గాదు.

చేతితో కట్టిన వలయమును మొదట పరిశీలింతము. బాణము ఒకే దిశలో నున్నచో ఒక్క సైటు మూతపడినంతనే వలయము సరళరేఖ యగును. చదువరి అచటివఱకు వచ్చి ఆగిపోవును. రెండు దిశల బాణములున్నచో ఒక తెగుదలను అది సహించును. ముందునకు పోలేనివాడు వెనుకకు తిరిగి తక్కిన వారినందఱిని చూడగలడు. రెండు చోట్ల తెగినచో రెండు తునుక లగును, ఒక తునుకలోనివారు రెండవదానికి లేనివారే. ఇది గణితము. దీనికంటె ముఖ్యమైనది వేఱొకటి కలదు. దానిని మేము పుస్తకములలో చదివి గాక అనుభవమున నేర్చికొంటిమి.

2019లో మేమును, వేఱువేఱు కళాశాలలలోని మిత్రు లార్గురును కలిసి తాళపత్ర ప్రతులను గూర్చిన ఏడు సైట్లను వలయముగా కూర్చితిమి. బాణము ఒకే దిశ. మూడవ మిత్రుడు తన సైటు చిరునామాకు ఏటేట కట్టవలసిన రుసుము కట్టుట మఱచెను. నాలుగు నెలలవఱకు ఈ సంగతి మాలో నెవ్వరికిని తెలియదు. ఏలయన ప్రతివాడును తన పుటను చూచుకొనునే గాని తన బాణమును తాను నొక్కి చూడడు. నాలుగవ మిత్రుడు మాత్రము చదువరులు తగ్గిరని గమనించి, లోపము తన వ్యాసములలో నున్నదేమోయని వానిని తిరుగ వ్రాయ మొదలిడెను! తప్పు ఒకనిది, నష్టము మఱియొకనిది, చక్కదిద్దవలసినది రెండవ మిత్రుని పుటలోని బాణము. వలయమున సభ్యుడగుట యనగా తన పుటను మాత్రమే గాక పొరుగువాని పుటను గూడ చూచుచుండుట యని మాకప్పుడు బోధపడినది.

కేంద్రయంత్రముతో నడచు వలయమునకు ఈ బాధ లేదు. కాని అది ఆకులాకులుగా రాలదు, ఒక్కసారిగా కూలును. వైల్ వ్యవస్థ చేతులు మాఱుచు 1998లో జియోసిటీస్ సంస్థకు చేరెను. ఆ సంస్థను 1999లో యాహూ కొనెను. 2000లో యాహూ వలయములన్నిటిని తన పద్ధతిలోనికి మార్చినపుడు వలయపాలకులలో పెక్కుమంది అసంతృప్తులైరి. 2001లో యాహూ దీనిని విడిచిపెట్టెను. ఏండ్ల తరబడి పుటలను చదివి, అభ్యర్థనలను పరీక్షించి, ఒక్కొక్కరిని చేర్చికొన్నవారు ఈ మార్పుల యెదుట చేయగలిగిన దేమున్నది? తీర్పు వారిది, పట్టిక పరులది. ఒక పరిష్కర్త పాఠములను నిర్ణయించి, ఏకైకప్రతిని ముద్రాపకునియొద్ద నుంచి, తనకు వేఱు ప్రతి యుంచుకొననిచో ఏమగునో ఇచటను అదియే యైనది. వెదకుయంత్రములు రాకపోయినను ఇది తప్పకపోవునని మా దృఢవిశ్వాసము.

ప్రసంగవశమున ఒక మాట. ఆ వైల్ తరువాతి కాలమున 'సెఫ్' అను నిల్వవ్యవస్థను నిర్మించి ప్రసిద్ధుడయ్యెను. అతని పరిశోధనపట్టము గూడ దానిపైననే. ఏ యొక్క యంత్రము చెడినను దాచిన విషయము చెడకుండ పలుయంత్రములపై ప్రతులుంచుట దాని ముఖ్యలక్షణము. తొలిరచనలోని లోపమును మలిరచన దిద్దినదా యని యూహింప బుద్ధి పుట్టును. కవుల విషయమున మనము ఇట్టి యూహలు చేయుచునే యున్నాము.

2009లో జియోసిటీస్ మూతపడినపుడు కొందఱు ఔత్సాహికులు అందలి పుటలను వీలైనంతవఱకు నకలు తీసి దాచిరి. ఆ పుటలలో కొన్నిటి అడుగున వలయపు గుర్తు నేటికిని కానవచ్చును. బాణములు గూడ నున్నవి. నొక్కినచో సమాధానము లేదు, అడుగవలసిన కేంద్రయంత్రము లేదు గనుక. పత్రసంఖ్యలు మిగిలి సూత్రము తెగిన తాళపత్రప్రతిని చేతపట్టినవారికి ఈ స్థితి పరిచితమే. సంఖ్యలున్నచో వరుస కూర్చవచ్చును. ఇచట వరుస కేంద్రమునందలి పట్టికలోనే యుండుటచే అదియు పోయినది. గ్రంథమను మాటలోనే కట్టుట, ముడివేయుట అను నర్థ మున్నదని బాలురకు చెప్పుదుము. ముడి ఎవరి చేతిలో నుండవలెనను ప్రశ్న మనకు రాలేదు, తాళపత్రమున ముడి ప్రతితోడనే యుండును గాన.

ఇక చేరికను గూర్చి. గుర్తును అతికించుకొనుట సభ్యత్వము గాదు. మన శతకములలో మకుటము చేయు పని చూడుడు. ముక్తకములైన పద్యములను మకుటము ఒక్క కుదురునకు తెచ్చును. కాని మకుటము ఎవరైన తగిలింపవచ్చును. బ్రౌను 1829లో వేమన పద్యములను ప్రకటించిన నాటినుండి నేటివఱకు ఆ పేర చేరిన పద్యములు వేలసంఖ్యకు పెరిగినవి. అందు వేమనవి కానివి ఎన్నియో విమర్శకులు చర్చించుచునే యున్నారు. మకుట మున్నది, పట్టిక లేదు, పాలకుడు లేడు. వలయపాలకుడు పుటను చదువక, గుర్తును మాత్రము చూచి చేర్చుకొన్నచో కలుగు ఫలమిదియే. వలయము పెద్దదగుటయే ఘనతగా భావించిన పాలకులు ఉండిరి. మూడువందల సైట్ల వలయమును మొదటినుండి తుదివఱకు నడచిన చదువరి ఎవడు? ముప్పదిని మించినచో దానిని రెండుగా చీల్చి, రెంటికిని చెందదగిన యొక సైటును కీలుగా నిలుపుట మేలని మా మతము. జానపదగేయముల వలయమును, తాళపత్రముల వలయమును యక్షగానములను గూర్చిన యొక సైటు చక్కగా కలుపగలదు. అట్టి చోట చదువరి తనకు తెలియకయే ఒక వలయమునుండి వేఱొక వలయములో అడుగిడును.

తెలుగు విషయమున మనము పోగొట్టుకొన్న దొకటి కలదు. యూనికోడ్‌లో తెలుగునకు 1991లోనే స్థానము లభించినను, అది వాడుకలోనికి వచ్చుటకు చాలకాలము పట్టెను. పోతన 2000, వేమన 2000 అను ఖతులును, విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన గౌతమియు ప్రచారములోనికి రాకమునుపు తెలుగు సైట్లు తమతమ ఖతులతో, తమతమ సంకేతములతో వ్రాయబడినవి. కంటికి తెలుగుగా కనిపించు ఆ వాక్యము వెదకుయంత్రమునకు అర్థములేని అక్షరముల గుంపు. వెదకుయంత్రము వలయమును చంపినదనువారు ఈ సంగతి నాలోచింపవలెను: ఆ దశాబ్దమున తెలుగుపుటను యంత్రము చూపలేదు, మనుష్యుడే చూపవలెను. వలయము ఎవరికన్నను మనకే ఎక్కువ కావలసియుండెను. మనవారు పట్టుదలతో దానిని చేపట్టలేదు.

తరువాత తెలుగు బ్లాగులను ఒకచోట చూపుటకు కూడలి, జల్లెడ, హారం, మాలిక అను సంకలినులు వెలసినవి. అవి చేసిన సేవ గొప్పది. పేర్లను మాత్రము విమర్శకుడు పరీక్షింప వచ్చును. హారమునందును మాలికయందును పువ్వును పువ్వు తాకుచుండును. ఈ సంకలినులలో ఏ పుటయు తన పొరుగుపుటను తాకదు. చదువరి ప్రతిసారియు నడుమకు వచ్చి మఱియొక దారి పట్టవలెను. కూడలి యను పేరే యథార్థము. అదియునుగాక ఇచట వరుసను నిర్ణయించునది కాలము. నేటిది పైన, నిన్నటిది క్రింద. ఒక పల్లెపదకోశమును పదియేండ్లు శ్రమించి కూర్చినవాని పుట, ఈ ఉదయము వ్రాసిన రెండు వాక్యముల క్రిందకు దిగిపోవును. వలయమున వరుసకు కాలముతో పని లేదు. పాలకుడు దేని ప్రక్కన దేనిని నిలిపెనో అదియే వరుస, కావుననే అది యొక వ్యాఖ్యానము.

నేటి వలయములలో రెండు పోకడలు కానవచ్చుచున్నవి. 2018లో మొదలైన ఇండీవెబ్ వలయమున యంత్రమే సభ్యుల పుటలను చూచి, బాణములు లేనివారిని వరుసనుండి తప్పించును. కావలికి ఇది మంచి ఏర్పాటు, తీర్పునకు గాదు. మఱికొన్నిటియందు పట్టిక అందఱికిని కనబడు చిన్న దస్త్రము. ఎవరైనను నకలు తీసి యుంచుకొనవచ్చును. రెండవ పోకడ మా వాదమునకు దగ్గఱ.

మా ఏడు సైట్ల వలయమును ఆ చేదు అనుభవము పిదప తిరుగ కట్టితిమి. ఇప్పుడు బాణములు రెండు దిశల నున్నవి. పట్టిక ప్రతి యొక్కొక్కటి ప్రతి సభ్యునియొద్ద నున్నది. నెలకొకరు వంతున అందఱి బాణములను నొక్కి చూచుచున్నారు. ఇద్దఱు విడిచిపోయిరి. ఐదుగురము మిగిలితిమి. క్రిందటి నెలలో నొక అభ్యర్థన వచ్చినది. ఒక గ్రామకరణపు వంశమువారు తమ యింటి కవిలెకట్టలను ఆకు వెంట ఆకుగా చిత్రములు తీసి సైటులో నుంచిరి. అవి లెక్కలే గాని సాహిత్యము గాదని మాలో ఇద్దఱి పట్టు. తాళపత్రము తాళపత్రమే యని తక్కిన ఇద్దఱు. మేము ఆ పుటలను ఇంకను చదువుచున్నాము.